వరుసలో మూడోవాడు

తెర మీద సైన్యం వెనక్కి మళ్లింది. చీకటి హాల్లో జూనియర్ ఆర్టిస్టు సీట్లో కిందికి జారాడు.

"ఏరీ, మీరేరీ?" భార్య మోచేత్తో పొడిచింది.

"వస్తానే. కంగారెందుకు?" అన్నాడు గానీ, కంగారంతా అతనిదే. ఈ సినిమాలో అతను నడిచే సైనికుడు కాడు. దారి పక్క బురదలో పడున్న శవం. మాటవరసకి "చచ్చాన్రా బాబూ" అన్నా గబుక్కున నోరు మూసే మనిషి ఆవిడ. కట్టుకున్నవాణ్ణి అంతెత్తు తెర మీద శవంగా చూస్తే ఇంకేమైనా ఉందా? అందుకే, ఇళ్లకు తిరిగొచ్చే సైనికుల్లో ఒకణ్ణని చెప్పి ఊరుకున్నాడు. ఆవిడ ఊరుకుంటేనా! తమ్ముణ్ణి కూడా వెంటేసుకుని మొదటిరోజు మ్యాట్నీకే లాక్కొచ్చింది.

"అన్నీ వీపులే కనబడుతున్నాయేంటి బావా? నీ వీపుకేమైనా గుర్తుందా?" బావమరిది ఇకిలించాడు.

తెర మీద జోరువాన. కాళ్లీడ్చుకుంటూ పోతోంది సైన్యం. బూట్లు చిరిగిపోయిన సైనికుడొకడు ఆగి, దారి పక్కకు చూశాడు. జూనియర్ ఆర్టిస్టుకి తెలుసు, వచ్చేది తన ముక్కే. వాడు వంగి శవం కాలి బూటు లాగుతాడు. ఇంకేం, తెర నిండా ఆ కాలే. వెనక ఎక్కడో దూరంగా సైనికుల వరుస.

"అదిగో! పైన ఆ మూల చూడవే! వరుసలో మూడోవాణ్ణి నేనే!" సీట్లోంచి సగం లేచి మరీ చూపించాడు.

"అవునండీ! ఎంత చిక్కిపోయారో!" భార్య ముందుకు వంగింది.

వెనక సీట్లవాళ్లు కూర్చోమని అరిచారు. కూర్చున్నాడు. ఈలోగా శవం వెళ్లిపోయింది. హమ్మయ్య, గండం గడిచింది.

కాసేపటికి ఆవిడే వేలు చూపింది. "అదిగో, మళ్లీ మీరే!"

"ఇందాకే పోయాడుగా అక్కా! మళ్లీ ఎలా వస్తాడు?"

"ఉన్నది నలభైమందిమిరా. కెమెరా వెనకనుంచి చుట్టు తిరిగొచ్చి మళ్లీ నడవాలి. లేకపోతే అంత సైన్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?"

ఈ మాట మాత్రం నిజమే. అతను హాయిగా కాళ్లు బారజాపుకుని, భార్య చేతిలోని పాప్‌కార్న్ సగం ఖాళీ చేశాడు.

ఆట వదిలాక బావమరిది తన బస్సెక్కి వెళ్లిపోయాడు. స్టాపులో ఇద్దరే మిగిలారు.

"ఎలా నడిచానంటావ్?" అన్నాడు దర్జాగా.

"బాగానే నడిచారు. ఏవండీ, బూట్లిచ్చిన సినిమావాళ్లు సాక్సులివ్వరా?"

"ఇవ్వరు. ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. ఏం?"

"ఏం లేదు. ఆ బురదలో పడుకున్నాయన సాక్సు మడమ దగ్గర, ఆకుపచ్చ దారంతో ఉన్న కుట్టు నాదే."

అతని మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "మరి... భయం వెయ్యలేదా?"

"వెయ్యకేం! పై ప్రాణం పైనే పోయింది. కానీ వాడు బూటు లాగగానే, గిలిగింతకి మీ బొటనవేలు ఆడింది. మా ఆయన నిక్షేపంలా ఉన్నారనుకుని, అప్పుడే పాప్‌కార్న్ తినడం మొదలెట్టా."