తొమ్మిదొందల గజాల దెబ్బ

"ఇక్కణ్ణుంచి వద్దు బాబూ. లోయ దిగుదాం. గంటలో మూడొందల గజాల్లోకి వెళ్తాం," అన్నాడు ఆరిన్.

ట్రెంట్ నవ్వాడు. మంచులో బోర్లా పడుకుని తుపాకీ మీది దుర్భిణీ సరిచేసుకుంటున్నాడు. లోయ అవతలి వాలులో ఎల్క్ దుప్పి మేస్తోంది. ఒక్కో కొమ్ముకీ ఏడేసి చీలికలు.

"నడవకుండా ఉండటానికే కదా పెద్దాయనా ఈ తుపాకీ కొన్నది! ఇంటి దగ్గర ఇంతే దూరంలో ఇనప పళ్ళేన్ని పదికి పది కొట్టాను."

"పళ్ళెం అడుగెయ్యదుగా. గుండు అక్కడికి చేరడానికి సెకను పైనే పడుతుంది. ఈలోగా అది ఒక్కడుగేస్తే గుండె ఉన్నచోటికి పొట్టొస్తుంది. పోయినేడు ఒకాయన ఇలాగే కాల్చాడు. దవడ ఎగిరిపోయి, మేత మెయ్యలేక నెల్లాళ్ళు మాడి చచ్చింది."

అమెరికాలోని వ్యోమింగ్ కొండల్లో ముప్పై ఏళ్ళుగా వేటగాళ్ళకు దారి చూపిస్తున్న ఆరిన్ లెక్క ఒకటే. దగ్గరికి వెళితే కష్టం మనిషి కాళ్ళకి. దూరం నుంచి కాలిస్తే నష్టం జంతువుకి. అందుకే అతని శిబిరంలో ఒక షరతు ఉంది. నేల మీద రక్తం చుక్క కనబడితే చాలు, జంతువు దొరికినా దొరక్కపోయినా ఆ వేటగాడి వేట ముగిసినట్టే. ట్రెంట్ చదివే సంతకం పెట్టాడు. వేట అనుమతులు సర్కారు లాటరీ తీసి ఇస్తుంది; తొమ్మిదేళ్ళు దరఖాస్తు చేస్తే వచ్చిన అనుమతి అతనిది. ఇంకా నాలుగు రోజుల గడువుంది.

తుపాకీ పేలింది. దుప్పి ఉలిక్కిపడి పైన్ చెట్లలోకి మాయమైంది.

ఆరిన్ ఒక్కడే లోయ దాటి వెళ్ళాడు. రెండు గంటల తర్వాత తిరిగొచ్చి, ట్రెంట్ ముందు రేకు కప్పు పెట్టాడు. అందులో ఎర్రబడిన మంచు.

"తగిలింది బాబూ. మీ వేట అయిపోయింది. వెతకడం ఇక నా పని."

ట్రెంట్ మొహం పాలిపోయింది. "తగల్లేదు! వీపు మీదుగా పోయి రాతికి కొట్టుకుంది. దుమ్ము లేవడం నా కళ్ళతో చూశాను. ఒట్టు, నా గురి తప్పింది!"

వేట చూడ్డానికి వెంట వచ్చిన బావమరిది కైల్ పగలబడి నవ్వాడు. "ఏంటి బావా, పదికి పది అన్నావ్? ఊళ్ళో ఏం చెప్పమంటావు మరి, కొట్టావనా, తప్పావనా?"

ట్రెంట్ కప్పులోకి చూశాడు. కైల్ మొహంలోకి చూశాడు. ఒక పక్క నాలుగు రోజులు, ఇంకో పక్క జీవితాంతం ఎగతాళి. తూకం తేలడానికి ఎంతోసేపు పట్టలేదు.

"కొట్టాననే చెప్పు," అన్నాడు గొంతు సవరించుకుని. "తొమ్మిదొందల ఇరవై గజాలు. అంకె మర్చిపోకు."

మధ్యాహ్నానికి సామాను సర్దుకుని ఇద్దరూ కొండ దిగిపోయారు.

వంట గుడారంలో ఆరిన్ భార్య లోర్నా మొగుడి చేతి తొడుగు లాగి, బొటనవేలి మీది కత్తి గాటుకు అయోడిన్ రాస్తూ విసుక్కుంది: "దూరం నుంచి కాల్చేవాడొచ్చినప్పుడల్లా ఇలా కోసుకుంటూ పోతే, ఈ సీజన్లో ఇది మూడో వేలు, మిగిలిన ఏడూ ఎన్నాళ్ళొస్తాయయ్యా?"