పాలు పొంగని ఇల్లు

"తాళంచెవి ఇవ్వండి బసవయ్యగారూ. నేను పాలు పొంగించను, టీ కూడా పెట్టుకోను. చాప వేసుకుని పడుకుంటాను, చాలు" అంది రుచిత.

బసవయ్య తల అడ్డంగా ఊపాడు. ఆయన స్కూలు కమిటీ పెద్ద. పామర్రు దగ్గరి ఆ ఊరి హైస్కూలుకి లెక్కల టీచర్లు వచ్చినట్టే వచ్చి, బెజవాడ నుంచి రోజూ తిరగలేక బదిలీ చేయించుకుని పోతున్నారు. టీచరుకి ఊళ్ళోనే ఇల్లుంటే ఎందుకు పోతారని ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి, ఆ ఇల్లు కట్టించింది ఆయనే. అద్దె లేదు. స్కూలుకి ఎదురుగా లేత పసుపు రంగు వేసుకుని ముచ్చటగా ఉంది. దానికి వేసిన తాళం మాత్రం ఊడడం లేదు.

"ఇప్పుడు మూఢం అమ్మా. కొత్తిల్లు, మొదటిసారి పాలు పొంగాలి. ఫాల్గుణంలో మంచి ముహూర్తం పెట్టిస్తాను. అందాకా కాస్త ఓపిక పట్టండి."

ఓపిక! రుచితకి ఒళ్ళు మండిపోయింది. బెజవాడ గుణదలలో చీకటితోనే లేచి, నిద్రపోతున్న మూడేళ్ళ కూతుర్ని అమ్మకి అప్పగించి, బస్సులో నిలబడి పామర్రు చేరి, అక్కణ్ణుంచి ఆటో ఎక్కాలి. సాయంత్రం ఇల్లు చేరేసరికి పిల్లకి కళ్ళు మూతలు పడుతుంటాయి. ఆదివారం తప్ప కూతురితో ఆడుకున్నది లేదు. ఈ ఇల్లు వస్తే అమ్మనీ పిల్లనీ తెచ్చుకోవచ్చన్న ఆశతోనే, బెజవాడలో ఖాళీలున్నాయని తెలిసినా బదిలీకి పెట్టుకోలేదు. ఆషాఢం అన్నారు, ఆగింది. భాద్రపదం శూన్యమాసం అన్నారు, ఆగింది. కార్తీకంలో రంగులు ఆరలేదన్నారు. తీరా రంగులు ఆరాక మూఢం వచ్చిపడింది.

తాను సొంతదారు కాదనీ, కొన్నాళ్ళుండి వెళ్ళిపోయే మనిషి మాత్రమేననీ, అద్దెకుండేవాళ్ళకి ఇవన్నీ ఎవరూ చూడరనీ నచ్చజెప్పి చూసింది. పక్కనే ఉన్న హెడ్మాస్టరుగారు ఏదో అనబోయి, మనకెందుకొచ్చిన గొడవ అనుకున్నారో ఏమో, హాజరు పట్టీ తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయారు.

"సాయంత్రం క్లాసులు పెట్టాలంటే నేనిక్కడ ఉండాలి గదండీ. మూఢమని కూర్చుంటే పిల్లల చదువేం గానండీ?"

"చదువెక్కడికి పోతుందమ్మా" అన్నాడాయన, ఏమాత్రం తొణక్కుండా. "కొత్తింటికి అరిష్టం తగిలితే ఊరంతా పడాలి."

ఆయన మనవరాలు అక్షయ కూడా రుచిత దగ్గరే తొమ్మిదో తరగతి చదువుతోంది. లెక్కలంటే చెవి కోసుకునే పిల్ల. ఆ పిల్ల మొహం చూసైనా మెత్తబడతాడనుకుంటే, బెజవాడలో పనుందంటూ కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ రోజు అక్షయ క్లాసుకి రాలేదన్న సంగతి కూడా, ఆ కోపంలో రుచితకి పట్టలేదు.

తిరుగు బస్సులో ఉయ్యూరు దాటాక గానీ సీటు దొరకలేదు. కూర్చున్నంతసేపూ ఒకటే ఆలోచన. రేపే బదిలీకి పెట్టేస్తే? మరి ఆ పిల్లలకి లెక్కలు ఎవరు చెబుతారు? ఎవరో ఒకరు వస్తారు, వాళ్ళూ ఇలాగే పోతారు. ఎవరి మీద కోపమో తెలియక, చిల్లర విషయంలో కండక్టర్ని కసిరింది. తర్వాత తనకే సిగ్గేసింది.

గుణదలలో అపార్ట్‌మెంటు మెట్లెక్కేసరికి, ఎప్పట్నుంచో ఖాళీగా ఉన్న ఎదురు ఫ్లాటు తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. గుమ్మానికి పచ్చటి మామిడాకులు, లోపల అగరొత్తుల వాసన. ఎవరో దిగారు, అదృష్టవంతులు అనుకుంటూ తన ఫ్లాటు తలుపు తట్టబోయింది.

"నమస్తే టీచర్" అంది అక్షయ, గుమ్మంలోంచి.

ఆ పిల్ల వెనకాలే పరమాన్నం గిన్నెతో బసవయ్య వచ్చాడు. మనవరాల్ని సోమవారం నుంచి బెజవాడ స్కూల్లో వేస్తున్నారట. కోడలూ పిల్లా ఇక ఇక్కడే ఉంటారట.

"టీచరుగారి ఎదురుగా ఉంటే చదువు బాగుంటుందని, మీ అపార్ట్‌మెంటే కావాలని వెతికించానమ్మా. ఇందాకే పాలు పొంగించాం. తీసుకోండి."

రుచిత గిన్నె అందుకోకుండానే, "మూఢం గదండీ" అంది.

"మూఢమని కూర్చుంటే పిల్లల చదువేం గానమ్మా?" అన్నాడు బసవయ్య.