ఊపిరి దారి

కళ్ళు తెరుస్తూనే జ్ఞానయ్య మెడ తడుముకున్నాడు. వేళ్ళకి గొట్టం తగిలింది. గొంతు కింద చిల్లు పెట్టి దూర్చిన గొట్టం. ఊపిరి అందులోంచే బుస్సుమంటూ వచ్చిపోతోంది.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్న భార్య మరియమ్మ తల దించుకుంది.

మాట్లాడబోయాడు. పెదాలు కదిలాయి గానీ శబ్దం రాలేదు. నర్సు ఇచ్చి వెళ్ళిన పలక అందుకుని రాశాడు.

"మాట తప్పావు."

ఏలూరు ఆసుపత్రికి బయల్దేరే ముందు ఆవిడ చేత బైబిలు మీద చెయ్యి వేయించి మరీ మాట తీసుకున్నాడు. గొంతులో కంతి ఎలా తీసినా సరే, మెడకి మాత్రం చిల్లు పెట్టనివ్వకూడదు. ప్రాణం పోయినా సరే. కొల్లేటి లంకలో వాళ్ళ చర్చికి ఆదివారం పాట ఎత్తుకునేది అతనే. చిల్లుపడ్డ గొంతుతో ఏం పాడతాడు?

"ఏవండీ, పెదాలు ఎండిపోయాయండీ," అంటూ మరియమ్మ తడి దూది అద్దింది. హాయిగానే ఉంది. అందుకే ఇంకా కోపం వచ్చింది. మొహం తిప్పేసుకుని, తుడిచి మళ్ళీ రాశాడు.

"నిన్నే నమ్ముకున్నాను."

"నన్నేమీ అడక్కండి," అని ఆవిడ కొంగుతో కళ్ళొత్తుకుంది.

అప్పుడే మత్తు డాక్టరు జ్యోత్స్న లోపలికొచ్చి పలక చదివింది.

"ఎవరి మీదండీ కోపం?"

జ్ఞానయ్య గొట్టం చూపించి, ఆ వేలే భార్య వైపు తిప్పాడు.

"మీ కంతి ఉన్నదే ఊపిరి దారిలోనండీ. సర్జను గారి కత్తికీ, నా గాలికీ అదొక్కటే దారి. సన్నగొట్టంతో ఆక్సిజన్ కొడుతూ, ఆయన చేత పని కానిద్దామనుకున్నాం. కాస్త మత్తు ఇచ్చామో లేదో ఉన్న సందూ మూసుకుపోయింది. మీ పెదాలు నల్లబడిపోతున్నాయి. నేను బయటికి పరిగెత్తి, మెడకి చిల్లు పెట్టకపోతే మనిషి దక్కరమ్మా అని ఈవిడని అడిగాను."

'విన్నావా' అన్నట్టు జ్ఞానయ్య కళ్ళెర్రజేశాడు.

"ఈవిడ ఒప్పుకోలేదండీ! మాటిచ్చానండీ, నేను చెయ్యమనలేనండీ అని ఏడుస్తూ గోడకి అంటుకుపోయారు. నేను లోపలికి వచ్చేసరికి మీరే నా చెయ్యి లాక్కుని మెడ మీద పెట్టుకున్నారు, ఇక్కడ కొయ్యమని. మత్తులో కదా, గుర్తుండదు లెండి. అక్కణ్ణుంచే గాలి పెట్టి కంతి తీసేశాం. కొన్నాళ్ళకి గొట్టం తీస్తే చిల్లు అదే పూడిపోతుంది. మళ్ళీ పాడుకోవచ్చు."

డాక్టరు వెళ్ళిపోయింది. జ్ఞానయ్య పలక మీది అక్షరాలు అరచేత్తో తుడిచేశాడు. మరియమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

అతను మెల్లగా రాసి, పలక ఆవిడ వైపు తిప్పాడు.

"అయితే నన్ను చావనిచ్చేదానివా?"