జస్టిస్ ఎస్టెప్ గెలుపు

"ఆ టీవీ కట్టెయ్, లొరెయిన్," అన్నాడు ఆర్విల్.

భార్య కదల్లేదు. తెరమీద ఆమె ఫొటోనే, మసి పూసినట్టు నల్లగా చేసి చూపిస్తున్నారు. పసిపిల్లను చంపినవాణ్ణి ఊళ్లోకి వదిలేసిన జడ్జి అట.

ఆ తీర్పు ఆర్విల్‌కి బాగా గుర్తు. పోలీసులు కొట్టి చెప్పించిన ఒప్పుకోలు చెల్లదనీ, విచారణ మళ్లీ జరపాలనీ రాసింది లొరెయిన్. మళ్లీ జరిపితే అసలు హంతకుడు వేరేవాడని తేలింది. ఎదుటి పక్షంవాళ్ల ఎన్నికల ప్రకటనలో ఆ ముక్క లేదు.

వెస్ట్ వర్జీనియా కొండల్లో బొగ్గుగని కార్మికుడి కూతురు లొరెయిన్ ఎస్టెప్. హోటల్లో ప్లేట్లు కడిగి లా చదివింది. జిల్లా కోర్టు నుంచి రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్కడ జడ్జి కుర్చీకీ జనం ఓట్లే కావాలి. రెండుసార్లు గెలిచినా ఎదుటివాణ్ణి పల్లెత్తు మాట అనలేదు.

ఈసారి చర్చిలో తెలిసినవాళ్లే మొహాలు తిప్పుకున్నారు. కారు అద్దం మీద ఎవరో ఉమ్మేసి పోయారు. దాన్ని ఆర్విల్ గుడ్డతో తుడిచాడు.

ఆమె ప్రచారం నడిపే ట్రావిస్ ఒకరోజు వంటింట్లో కూర్చుని తను రాసిన ప్రకటన చదివి వినిపించాడు. పోటీలో ఉన్న డ్వైట్ కాఫ్‌మన్‌ను ఇల్లాలు ఎందుకు వదిలి పారిపోయింది? అని ఉంది అందులో.

"బెవర్లీ పారిపోలేదయ్యా," అన్నాడు ఆర్విల్. "క్యాన్సరొస్తే చెల్లెలి దగ్గరికెళ్లింది. అక్కడే పోయింది. అంత్యక్రియలకి మేమిద్దరం వెళ్లాం."

"మనం అబద్ధం చెప్పట్లేదు సార్. అడుగుతున్నాం, అంతే."

ఆర్విల్ కాఫీ సింకులో పారబోశాడు. లొరెయిన్ వాణ్ణి బయటికి గెంటేస్తుందనుకున్నాడు. ఆమె కిటికీ వైపు చూస్తూ, "అందులో నా గొంతు మాత్రం వాడొద్దు," అంది.

ప్రకటన టీవీలో వచ్చాక వారం తిరక్కుండానే గాలి మారింది. కాఫ్‌మన్ తన భార్య సంగతి చెప్పబోయి కెమెరాల ముందు ఏడ్చేశాడు. నటిస్తున్నాడన్నారు జనం. ఆ ఏడుపుతోనే ట్రావిస్ ఇంకో ప్రకటన చేశాడు. ఇంట్లో మొగుడూపెళ్లాలు దాని ఊసెత్తలేదు. చలి ముదురుతోందని, పొయ్యిలోకి కట్టెలు తెప్పించాలని మాట్లాడుకున్నారు.

పోలింగు రోజు ఇద్దరూ చేతులు పట్టుకుని వెళ్లారు. ఫొటోలవాళ్లు నవ్వమంటే నవ్వారు. మర్నాడు పొద్దున ఆమె గెలిచిందన్నారు.

ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఎవరెవరో పూలు పంపారు. ఆర్విల్ గుడ్లు వేయించి పెడితే లొరెయిన్ ప్లేటు పక్కకి నెట్టింది.

"నీకొకటి చెప్పాలి," అంది చివరికి. "నిన్న నా ఓటు కాఫ్‌మన్‌కి వేశాను. ఆ పాడు పని చేశాక నాకు నేనే వేసుకోడానికి చెయ్యి రాలేదు."

ఆర్విల్ ఆమె పక్కన కూర్చుని వీపు నిమిరాడు.

తనూ కాఫ్‌మన్‌కే వేశానని చెప్పలేదు.