వరసలు లేని ఆఫీసు

“బావా, నా మాట కాస్త విను.”

“ఇక్కడ బావలెవరూ లేరు. ఎండీగారూ అనండి,” అన్నాడు ఎండీ, బల్లమీది కుళాయిని పక్కకు జరుపుతూ.

ఆ కుళాయే కొంప ముంచింది. కంపెనీ పంపిన సరుకు కొత్త అపార్ట్‌మెంట్లలో బిగించిన నెలకే కారడం మొదలుపెట్టింది. “ముందు మీ ఇల్లు చక్కబెట్టుకోండి, తర్వాతే ఆర్డరు,” అని బిల్డరు తేల్చి చెప్పాడు. ఆ ఆర్డరు పోతే కంపెనీ మూతపడటమే. కొనుగోళ్ళు చూసేది ఎండీగారి బావమరిది. స్నేహితుడి దగ్గర నాసిరకం వాషర్లు కొన్నాడు. వాటిని తనిఖీ చేసేది బావమరిది కొడుకు. తండ్రి తానా అంటే కొడుకు తందానా.

ఏదో సెమినారుకు వెళ్ళొచ్చాక ఎండీకి సుపరిపాలన పూనింది. వస్తూనే ఆఫీసులో వరసలు పెట్టి పిలవడం నిషేధించాడు. అందరూ సార్, మేడమ్. ఇప్పుడు అసలు రూలు తెచ్చాడు. సెమినారులో పంచిన కాగితంలోంచి అక్షరం పొల్లుపోకుండా దించాడు.

“వినండి. యజమానికి బంధువులైనవారు, రక్తసంబంధమైనా సరే, పెళ్ళి సంబంధమైనా సరే, ఈ కంపెనీలో ఉద్యోగం చేయరాదు.”

“మావయ్యా, మరి నేను?” అన్నాడు బావమరిది కొడుకు.

“సార్ అను. నువ్వూ అంతే.”

బావమరిది చైర్మన్ కుర్చీవైపు తిరిగాడు. కంపెనీ పెట్టిన పెద్దాయన పోయాక షేర్లతోపాటు ఆ కుర్చీ కూడా పెద్దావిడకు వచ్చింది. మీటింగుకు వచ్చి, చూపించిన చోట సంతకం పెట్టి, టీ తాగి వెళ్తుంటుంది.

“మేడమ్, మీరైనా చెప్పండి.”

“ఏం చెప్పమంటావు? తప్పు చేశారు కదా. ఆ ఇళ్ళలో తడిసినవాళ్ళు ఎవరికి చెప్పుకోవాలి?” అంది పెద్దావిడ.

ఎండీకి ఏనుగెక్కినంత సంబరమైంది. “అదీ మాట. మా ఆవిడ నిన్నటినుంచీ నాతో మాట్లాడటంలేదండి. అయినా వెనక్కి తగ్గలేదు నేను. కొంప వేరు, కంపెనీ వేరు.”

“దీనికి మినహాయింపులేమైనా ఉన్నాయా, ఎండీగారూ?” అని అడిగింది పెద్దావిడ.

“ఒక్కటి కూడా లేదండి. ఒకరికిస్తే పదిమందికీ ఇవ్వాల్సొస్తుంది.”

“ఎప్పటినుంచి అమలు?”

“మీరు సంతకం పెట్టిన క్షణంనుంచే.”

“మరి వీళ్ళ పనులెవరు చూస్తారు?”

“బయటివాళ్ళను తీసుకుందాం. అంతదాకా అన్నీ నేనే చూసుకుంటాను,” అన్నాడు ఎండీ. గొంతులో సంతోషం దాచుకోవడం అతనివల్ల కాలేదు. అడిగేవాడూ అడ్డుకునేవాడూ లేని ఆఫీసు కళ్ళముందు కనిపిస్తోంది మరి. అతనికి తెలిసిన సుపరిపాలన అంతే.

పెద్దావిడ ఆ రోజు చూపించిన చోట వెంటనే సంతకం పెట్టలేదు. కాగితం మొదటినుంచి చివరిదాకా చదివింది. పెళ్ళి సంబంధం అన్న చోట వేలు పెట్టి మళ్ళీ చదివింది. అప్పుడు పెట్టింది సంతకం. తండ్రీకొడుకులు ముఖాలు వేలాడేసుకుని బయటికి నడిచారు. వాళ్ళు వెళ్ళినవైపే కాసేపు చూస్తూ కూర్చుందావిడ. బాధ పడిందని తెలుస్తూనే ఉంది.

ఎండీ కాగితం కోసం చెయ్యి చాచాడు. ఆవిడ ఇవ్వలేదు.

“మంచి రూలు తెచ్చారు. బిల్డరుకు నేనే ఫోన్ చేసి చెబుతాను,” అంది.

“నేను చేస్తాను కదండీ, మీకెందుకు శ్రమ?”

“తాళాలు బల్లమీద పెట్టి వెళ్ళండి, అల్లుడుగారూ.”