మాటలు అతికించిన మూకీ

మా అక్క మందాకినికి పుట్టుకతోనే వినపడదు. అందుకే మూకీ హాస్యచిత్రాలంటే తనకు ప్రాణం. వాటి దగ్గర అందరికంటే ముందు నవ్వేది తనే.

ఆదివారం అక్క కాకినాడలోని మా ఇంటికొస్తే, తనకిష్టమైన ఓ పాత మూకీని గోడతెర మీద పెట్టాను. ఆ దర్శకుడు కెమెరాను దూరంగా నిలబెట్టి, ఇక కదిపేవాడు కాదు. పైన నటుడు దర్జాగా నిచ్చెన ఎక్కుతుంటాడు. కింద ఓ మేక నిచ్చెనను కట్టిన తాడు నములుతుంటుంది. రెండూ మనమే చూసుకుని నవ్వుకోవాలి.

మనకంత తెలివి లేదని ఈ కాలపు గోడతెరలు ఎప్పుడో తేల్చేశాయి. మాది ఆ నటుడి ముఖాన్ని గోడంత చేసింది. "అయ్యో, పడిపోతున్నానర్రా!" అని అతనిచేత అరిపించింది. ఆ అరుపునే లావుపాటి అక్షరాల్లో రాసి మేకను కప్పేసింది. చివరికి మన తరఫున నవ్వడం కూడా అదే నవ్వింది.

"ఇప్పుడు బాగా అర్థమవుతోంది కదా!" అన్నారు మా ఆయన శశిధర్, ముఖంలో నవ్వన్నది లేకుండా.

"మేకేది?" అని అక్క చేతులతో అడిగింది. నేను పైకి చెప్పాను.

"మేకేంటే?" అన్నారాయన.

అక్క ఆయన్ని జాలిగా చూసి, లేచి హాలు చివరికి వెళ్లి నిలబడింది. లేని నిచ్చెన దర్జాగా ఎక్కింది. దిగి, మేకై తాడు నమిలింది. మళ్లీ ఎక్కింది. ఆయన కడుపు పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు.

"ఈమె నిచ్చెన ఎక్కుతోంది. ఇది హాస్యం," అంది గోడతెర, తన కెమెరా కంటితో అక్కను చూసి.

"నోర్ముయ్యవే!" అంటూ ఆయనే లేచి ప్లగ్గు పీకేశారు.