బ్రిగిదా ఫిర్యాదు

“ఎవరికి అన్యాయం జరిగింది? ఎలా జరిగింది?”

ఉదయపు గంట మోగగానే కొత్త గవర్నరు విచారణ ప్రారంభించాడు. పదవి దిగిన గవర్నరు ఊరు విడిచే ముందు అతనిపై ఫిర్యాదులన్నీ వినాలనీ, విన్నంతసేపూ అతడు నిలబడే ఉండాలనీ కాస్టీల్ రాజుగారి ఆజ్ఞ.

“నాకే దొరా,” అంది రొట్టెలమ్మే కుంటి బ్రిగిదా, పీటపై సర్దుకుంటూ. “ఈయనొస్తే లేవలేదని పొద్దుటి గంట నుంచి మధ్యాహ్నపు గంట దాకా ఎండలో నిలబెట్టాడు.”

“నిలబెట్టాను,” అన్నాడు పాత గవర్నరు గుతియెర్రె. “రాజదండం ఎదురొస్తే కూర్చునే ఉంటుందా? మర్యాద వద్దూ?”

ఆ దండం ఇప్పుడు కొత్త గవర్నరు చేతిలో ఉంది. “నీకు పరిహారం ఏం కావాలమ్మా?” అని అతడు అడిగాడు.

“ఏమీ వద్దు దొరా. మొత్తం వినండి, చాలు. ముసలిదాన్ని, మెల్లగా చెబుతా.”

బ్రిగిదా మాటలతోనే పిండి పిసికింది, పొయ్యి రాజేసింది, పొరుగింటి మేక గడ్డాన్ని సైతం వర్ణించింది. గుతియెర్రె కాళ్లు మార్చి మార్చి నిలబడ్డాడు.

“కాస్త కూర్చోవచ్చా?”

“దండం ఎదురుగానే ఉంది కదయ్యా,” అంది బ్రిగిదా. “మర్యాద వద్దూ?”

ఆమె మళ్లీ మేక దగ్గర మొదలుపెట్టింది.

చర్చిలో మధ్యాహ్నపు గంట మోగింది. బ్రిగిదా మాట మధ్యలోనే ఆపి, చేతికర్ర ఊతంతో లేచింది.

“ఇక చెప్పేదేమీ లేదు దొరా. బాకీ తీరింది.”